బరువు తగ్గితే స్లీప్ ఆప్నియా చికిత్స మానవచ్చా? - గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నిద్రలో శ్వాసమార్గం మూసుకుపోయి ఊపిరి పదే పదే ఆగిపోవడాన్ని వైద్యులు ‘అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా’ అంటారు. స్థూలకాయానికి, ఈ వ్యాధికి దగ్గరి సంబంధం ఉంది. అందువల్ల బరువు తగ్గినవారు రాత్రిపూట వాడే యంత్రాన్ని మానేయవచ్చా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. తెలుగులో ‘తగ్గడం’ అనే క్రియకు కొలత దిగడం, వ్యాధి నయమవడం అనే రెండర్థాలున్నాయి. ఈ ప్రశ్న చుట్టూ ఉన్న అయోమయానికి మూలం చాలావరకు ఆ రెండర్థాల కలయికలోనే ఉంది. ప్రాచీన వైద్యగ్రంథాల సాక్ష్యాన్ని, గోదావరి డెల్టా ఆరోగ్యస్థితిని, గత పాతికేళ్ళ పరిశోధనల ఫలితాలను కలిపి చూసి, ఎవరికి చికిత్స అవసరం తీరుతుంది, ఎవరికి తీరదు, ఆ సంగతి తేల్చేది ఏమిటి అన్నవి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్లీప్ ఆప్నియా, గురక, స్థూలకాయం, శ్వాసభంగ సూచిక, సీప్యాప్, గోదావరి డెల్టా, క్రథనం.

1. ఉపోద్ఘాతం:

‘సింహాసనం’ (1986), ‘గ్యాంగ్ లీడర్’ (1991) వంటి చిత్రాల పాటలతో తెలుగువారికి చిరపరిచితుడైన సంగీతదర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించాడు. మరణానికి కారణంగా వైద్యులు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాను పేర్కొన్నారు. అప్పటివరకు వైద్యులకు, కొద్దిమంది రోగులకు మాత్రమే తెలిసిన ఈ పేరు ఆ వార్తతో పత్రికల మొదటిపేజీకి ఎక్కింది. గురకను నవ్వులాటగా చూసే సమాజంలో అది ప్రాణాలమీదికి తెచ్చే వ్యాధికి గుర్తు కావచ్చునన్న ఎరుక కొంత కలిగింది.

ఈ వ్యాధికి ప్రధాన చికిత్స సీప్యాప్ యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొలిన్ సలివాన్, ఆయన సహచరులు దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ముక్కుకు తగిలించిన మాస్కు ద్వారా యంత్రం నిరంతరం గాలిని స్వల్ప పీడనంతో పంపుతుంది. ఆ గాలి ఒత్తిడి గొంతులోని మార్గాన్ని మూసుకుపోనీయదు. యంత్రం ఉన్నంతసేపు ఫలితం ఉంటుంది. తీసేస్తే వ్యాధి మళ్ళీ వస్తుంది. ప్రతి రాత్రీ మాస్కు కట్టుకుని పడుకోవడం, పెళ్ళిళ్ళకూ తీర్థయాత్రలకూ దాన్ని వెంట మోసుకెళ్ళడం, కోనసీమలో తుఫాను రోజుల్లో కరెంటు పోతే రాత్రంతా దిగులుపడడం రోగికి భారమే. దీనినుంచి బయటపడే మార్గం బరువు తగ్గడమేనా? తగ్గితే యంత్రం అవసరం నిజంగా తీరిపోతుందా?

2. ‘తగ్గడం’ - ఒక క్రియ, రెండర్థాలు:

‘నీరు తగ్గింది’, ‘ధర తగ్గింది’ అన్నప్పుడు ‘తగ్గు’ అనే క్రియ పరిమాణం దిగడాన్ని సూచిస్తుంది. ‘జ్వరం తగ్గింది’, ‘పాపకు దగ్గు తగ్గింది’ అన్నప్పుడు అదే క్రియ వ్యాధి పూర్తిగా పోయిందన్న అర్థాన్నిస్తుంది. 103 డిగ్రీల జ్వరం 100కు దిగినా ‘తగ్గింది’ అంటారు, పూర్తిగా విడిచినా ‘తగ్గింది’ అనే అంటారు. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. ‘నయమైంది’, ‘కుదిరింది’, ‘నెమ్మదించింది’ వంటి మాటలున్నా, వాడుకలో ‘తగ్గింది’కి ఉన్నంత వ్యాప్తి వాటికి లేదు.

స్లీప్ ఆప్నియా విషయంలో ఈ ద్వ్యర్థం ప్రమాదకరమవుతుంది. ‘బరువు తగ్గితే ఆప్నియా తగ్గుతుంది’ అన్న వాక్యం వైద్యుని నోట మొదటి అర్థంలో వస్తుంది. రోగి చెవికి రెండో అర్థంలో చేరుతుంది. వాక్యం రెండర్థాలలోనూ కొంతమేరకు నిజం కావడం అసలు చిక్కు. బరువు దిగినవారిలో ఎక్కువమందికి వ్యాధి తీవ్రత దిగుతుంది. వారిలో కొందరికి మాత్రమే వ్యాధి పోతుంది.

గురకకు సంబంధించిన నుడికారం మరో అడ్డంకి. ‘గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు’ అన్న మాట గాఢనిద్రకు పర్యాయంగా స్థిరపడింది. కుంభకర్ణుడితో పోల్చి నవ్వుకోవడం ఇంటింటా ఉన్నదే. నిజానికి ఆప్నియా రోగి గురక మధ్యలో నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో ఊపిరి ఉండదు. తర్వాత ఒక్కసారిగా పెద్ద శబ్దంతో, ఉలికిపాటుతో శ్వాస తిరిగి మొదలవుతుంది. రాత్రంతా పడుకున్నట్టు కనిపించే ఆ మనిషికి గాఢనిద్ర దక్కదు. మర్నాడు తరగతిగదిలో, బస్సులో, భోజనం తర్వాత కుర్చీలో కునికిపాట్లు పడడం దాని ఫలితం.

3. ప్రాచీన వైద్యగ్రంథాల సాక్ష్యం:

స్థూలకాయానికి, నిద్రకు, శ్వాసకు గల సంబంధాన్ని భారతీయ వైద్యం ఏనాడో గమనించింది. చరకసంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అతిస్థూలుడిని, అతికృశుడిని నింద్యశరీరుల్లో చేర్చి, వారి లక్షణాలను, చికిత్సను వివరిస్తుంది. నిద్రను గురించిన చర్చ కూడా ఆ అధ్యాయంలోనే సాగడం గమనార్హం. పగటినిద్ర స్థూలత్వానికి కారణాల్లో ఒకటని చరకుడు చెప్పాడు. సుశ్రుతసంహిత సూత్రస్థానం 15వ అధ్యాయం మేదోవృద్ధివల్ల కలిగే బాధల్లో క్షుద్రశ్వాసను, అతినిద్రను, ‘క్రథనాన్ని’ పేర్కొంటుంది. క్రథనం అంటే నిద్రలో గొంతు గురగురలాడడమని, ఊపిరి హఠాత్తుగా అడ్డగించడమని వివరణలున్నాయి. నేటి వైద్యుడు రోగి భార్యను అడిగి తెలుసుకునే లక్షణాలు దాదాపు ఇవే.

పాశ్చాత్య వైద్యంలో ఈ లక్షణసముదాయానికి సాహిత్యంనుంచే పేరు వచ్చింది. చార్లెస్ డికెన్స్ నవల ‘పిక్విక్ పేపర్స్’ (1836-37)లో ఎక్కడ నిలబడితే అక్కడ నిద్రపోయే జో అనే లావుపాటి కుర్రవాడున్నాడు. 1956లో అమెరికన్ వైద్యులు స్థూలకాయంతోపాటు శ్వాసమాంద్యం, అతినిద్ర ఉన్న స్థితిని ఆ నవల పేరుతోనే ‘పిక్విక్ సిండ్రోమ్’ అని వర్ణించారు. స్లీప్ ఆప్నియా స్వతంత్రమైన వ్యాధిగా గుర్తింపు పొందింది 1970ల్లో.

అయితే ఒక అంశంలో నేటి అవగాహన చరకుడికి భిన్నంగా ఉంది. స్థూలత్వం పోగొట్టుకోదలచినవాడు జాగరణను, వ్యాయామాన్ని, ఆలోచనను క్రమంగా పెంచుకోవాలని ఆయన సలహా. వ్యాయామం, క్రమక్రమంగా చేయడం అన్నవి నేటికీ చెల్లుతాయి. జాగరణ విషయం వేరు. నిద్ర తక్కువైతే ఆకలి, తీపిపై కోరిక పెరుగుతాయని ఆధునిక పరిశోధనలు చూపాయి. ఆప్నియా రోగి గంటలకొద్దీ పడుకున్నా నిద్ర చాలనివాడే. పగటి అలసట వ్యాయామానికి ఓపిక లేకుండా చేస్తుంది. బరువు వ్యాధిని పెంచుతుంది. వ్యాధి బరువును దిగనీయదు.

4. గోదావరి డెల్టా నేపథ్యం:

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరిపొలాల సీమగా మారింది. మూడుపూటలా అన్నం ఇక్కడి ఆహారానికి పునాది. కాకినాడ, తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు పండుగకూ చుట్టపుచూపుకూ తోడుంటాయి. అయితే తాతల కాలంలోనూ అన్నమే తిన్నారు. మారింది శ్రమ. మోకాలిలోతు బురదలో ఊడ్పులూడ్చి, కోతకోసి, మోపులు మోసిన శరీరానికి ఆ అన్నం సరిపోయేది. యంత్రాలు కోత కోస్తుండగా గట్టున నిలబడే శరీరానికి, చేపల చెరువుగట్టుమీద మోటారుసైకిలుపై తిరిగే శరీరానికి అదే అన్నం మిగులుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం ఆ మిగులును మరింత పెంచింది.

ఈ మార్పు ఫలితం లెక్కలకెక్కింది. బైర్రాజు ఫౌండేషన్ సేవలందించిన గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం 2003-04లో ఉభయగోదావరి జిల్లాలకు చెందిన 45 గ్రామాల మరణాలను నమోదు చేసింది. ఆ గ్రామాల జనాభా లక్షా ఎనభై వేలు. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధులవల్ల సంభవించినవి. అదే అధ్యయనంలో భాగంగా 30 ఏళ్ళు పైబడిన 4,535 మందిని పరీక్షిస్తే 13.2 శాతం మందికి మధుమేహం కనిపించింది. ఇవన్నీ పల్లెటూళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం మంది అధికబరువుతో ఉన్నారు.

ఇవి నిద్రలోని శ్వాసను కొలిచిన సర్వేలు కావు. కాని మధుమేహం, అధికబరువు, రక్తపోటు కలిసి ఉన్నచోట స్లీప్ ఆప్నియా ఉంటుంది. అమెరికాలో అధికబరువు, టైప్-2 మధుమేహం రెండూ ఉన్న 306 మందిని నిద్రలో పరీక్షించగా 86 శాతానికి పైగా వ్యక్తులకు ఈ వ్యాధి తేలింది. వారిలో ఎక్కువమందికి తమకు ఆ వ్యాధి ఉన్న సంగతే తెలియదు. డెల్టాలో సుగరు మాత్రలు వాడుతూ గురకపెట్టేవారి విషయంలో ఈ ఫలితం పట్టించుకోదగినది.

ప్రమాదం రోగి ఒక్కడితో ఆగదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాలనుంచి చేపల లారీలు రాత్రింబవళ్ళు బెంగాలు, అస్సాములకు సాగిపోతుంటాయి. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం, రాజమహేంద్రవరం మీదుగా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారిపై తెల్లవారుజామున స్టీరింగు ముందు కునుకుతీసే డ్రైవరుకు ఈ వ్యాధి ఉంటే, అది ఎదురువచ్చే వాహనంలోని కుటుంబానికీ ప్రాణగండమే.

5. బరువుకు, శ్వాసమార్గానికి గల సంబంధం:

ముక్కు వెనకనుంచి స్వరపేటిక వరకు ఉన్న శ్వాసమార్గం మెత్తని గొట్టం. దాన్ని తెరచి ఉంచేవి చుట్టూ ఉన్న కండరాలు. నిద్రలో కండరాలు సడలుతాయి. ఆరోగ్యవంతుల్లో అప్పటికీ గాలికి దారి మిగులుతుంది. ఆప్నియా రోగుల్లో మిగలదు.

దీన్ని ఒక గూడుతో, అందులోని సరుకుతో పోల్చి అర్థం చేసుకోవచ్చు. గూడు అంటే దవడలు, ముఖపు ఎముకలు. సరుకు అంటే నాలుక, అంగిలి, గొంతు గోడల్లోని మెత్తని కణజాలం. గూడు విశాలంగా ఉండి సరుకు ఎక్కువైతే ఇరుకవుతుంది. సరుకు మామూలుగానే ఉండి గూడు చిన్నదైనా ఇరుకే. బరువు పెరిగినప్పుడు కొవ్వు పొట్టచుట్టూ మాత్రమే చేరదు; నాలుకలోనూ, గొంతు గోడల్లోనూ చేరుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో 67 మందికి బరువు తగ్గకముందు, తగ్గాక ఎం.ఆర్.ఐ. తీశారు. సగటున 10 శాతం బరువు తగ్గినవారిలో వ్యాధి తీవ్రత 31 శాతం దిగింది. ఆ మెరుగుదలలో ప్రధానపాత్ర నాలుకలోని కొవ్వు కరగడానిదేనని తేలింది. పొట్టలోని కొవ్వు మరో విధంగా పనిచేస్తుంది. పడుకున్నప్పుడు అది ఉదరవితానాన్ని పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల్లో గాలి పరిమాణం తగ్గుతుంది, శ్వాసమార్గాన్ని కిందికి లాగి బిగువుగా ఉంచే పట్టు సడలుతుంది.

బరువు దిగితే సరుకు తగ్గుతుంది, గూడు మాత్రం పెద్దదవదు. వెనక్కి ఉన్న కింది దవడ, పెరిగిన టాన్సిల్స్, వంకరగా ఉన్న ముక్కు లోపలిగోడ, వయసుతో సడలిన కండరాలు, మెదడు శ్వాసను నియంత్రించే తీరు - ఇవేవీ తూకపుయంత్రం మీది అంకెతో మారవు. ‘ఎవరికి పోతుంది, ఎవరికి పోదు’ అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. ఆసియావాసుల్లో తక్కువ బరువుకే ఆప్నియా రావడం గమనించి, దానికి ముఖపు ఎముకల నిర్మాణం ఒక కారణమని పరిశోధకులు వివరించారు. భారతీయులకు శరీరభార సూచిక 25 దాటితేనే స్థూలకాయంగా లెక్కించాలని మన వైద్యుల ఏకాభిప్రాయం. పాశ్చాత్యులకు ఆ హద్దు 30.

6. పరిశోధనలు చూపిన ఫలితాలు:

వ్యాధి తీవ్రతకు కొలమానం శ్వాసభంగ సూచిక. నిద్రలో గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి కనీసం 10 సెకన్లపాటు ఆగిందో, లేదా బాగా సన్నగిల్లిందో లెక్కించి ఈ అంకెను నిర్ణయిస్తారు. 5లోపు ఉంటే వ్యాధి లేనట్టు. 5 నుంచి 15లోపు స్వల్పం. 15 నుంచి 30లోపు మధ్యమం. 30, ఆపైన తీవ్రం.

6.1 సహజంగా మారిన బరువు: అమెరికాలోని విస్కాన్సిన్‌లో 690 మందిని నాలుగేళ్ళపాటు గమనించిన అధ్యయనం 2000లో వెలువడింది. బరువు 10 శాతం పెరిగితే సూచిక సుమారు 32 శాతం పెరుగుతుందని, 10 శాతం దిగితే సుమారు 26 శాతం దిగుతుందని, 20 శాతం దిగితే 48 శాతం దిగుతుందని అది అంచనావేసింది.

ఈ అంకెలను ఒక ఊహాత్మక ఉదాహరణకు అన్వయించవచ్చు. డెల్టాలోని ఒక కళాశాల అధ్యాపకుడు 96 కిలోల బరువు, 42 సూచికతో ఉన్నాడనుకుంటే, 86 కిలోలకు దిగేసరికి ఆయన సూచిక సుమారు 31 అవుతుంది. అప్పటికీ వ్యాధి తీవ్రమే. 77 కిలోలకు దిగితే సుమారు 22. అది మధ్యమం. చొక్కాలు వదులై, చూసినవారంతా ‘సగమయ్యారు’ అంటున్నా, గంటకు 22సార్లు ఆయన ఊపిరి తెగుతూనే ఉంటుంది. సూచిక 12 ఉన్న ఆయన సహోద్యోగి అదే 20 శాతం దిగితే దాదాపు 6కు, అంటే వ్యాధి హద్దు అంచుకు చేరతాడు. ఇవి సగటు అంచనాలే. వ్యక్తుల్లో ఎక్కువ తక్కువలుంటాయి. బయలుదేరిన చోటును బట్టి చేరే చోటు మారుతుందన్నది ఇక్కడ గ్రహించవలసిన అంశం.

6.2 ఆహారనియమం, వ్యాయామం: ఫిన్లాండులో స్వల్ప ఆప్నియా ఉన్నవారిపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, ఆహారనియమంతో సగటున 10.7 కిలోలు దిగినవారిలో ఏడాది తర్వాత 63 శాతం మందికి వ్యాధి పోయింది. సాధారణ సలహాలు మాత్రమే పొందినవారిలో 35 శాతానికి పోయింది. మధుమేహం ఉన్న 264 మందిపై అమెరికాలో జరిగిన ‘స్లీప్ అహెడ్’ అధ్యయనంలో, దాదాపు అంతే బరువు (10.8 కిలోలు) దిగినా వ్యాధి పూర్తిగా పోయింది 13.6 శాతం మందికే. దిగిన బరువు సమానం, వ్యాధిపోయినవారి శాతంలో ఎంతో తేడా. ఫిన్లాండులోనివారికి వ్యాధి మొదటినుంచీ స్వల్పం కావడం ఈ తేడాకు ముఖ్యకారణంగా కనిపిస్తుంది.

స్వీడన్‌లో మధ్యమ, తీవ్ర వ్యాధి ఉన్న 63 మంది స్థూలకాయ పురుషులపై జరిగిన మరో అధ్యయనం కూడా 2009లోనే వచ్చింది. తొమ్మిది వారాల అత్యల్పాహార నియమంతో చికిత్స పొందిన 30 మందిలో అయిదుగురికి వ్యాధి పోయింది. సగంమందికి స్వల్పస్థాయికి దిగింది.

6.3 నిలకడ: స్లీప్ అహెడ్ పరిశోధకులు అదే వ్యక్తులను పదేళ్ళ తర్వాత కూడా పరీక్షించారు. బరువు కొంత తిరిగి వచ్చినా, గట్టి జీవనశైలి శిక్షణ పొందినవారిలో 34.4 శాతం, తక్కినవారిలో 22.2 శాతం మందికి వ్యాధి లేదు. శ్రద్ధగా సాగించిన ప్రయత్నం బరువు అంకె ఒక్కదానితో కొలవలేనంత మేలు చేస్తుందని దీన్నిబట్టి భావించవచ్చు. అదే ఫలితాన్ని మరోవైపునుంచి చూస్తే, పదేళ్ళ తర్వాతా మూడింట రెండువంతుల మందికి వ్యాధి మిగిలే ఉంది.

6.4 శస్త్రచికిత్స, మందులు: జీర్ణాశయ శస్త్రచికిత్సల ఫలితాలను క్రోడీకరించిన 2009 నాటి సమీక్షలో, సగటు సూచిక 54.7నుంచి 15.8కి దిగింది. తగ్గుదల చాలా పెద్దది. అయినా మిగిలిన 15.8 మధ్యమ వ్యాధి కిందికే వస్తుంది. టిర్జెపటైడ్ అనే సూదిమందుపై 2024లో వెలువడిన రెండు ప్రయోగాల్లో, దాదాపు 50 సూచికతో మొదలైనవారికి ఏడాదిలో సగటున గంటకు 25 నుంచి 29 శ్వాసభంగాలు తగ్గాయి. సుమారు 42 నుంచి 50 శాతం మంది, వ్యాధి లేని స్థితికి గాని, పగటి మగత లేని స్వల్పస్థితికి గాని చేరారు. ఆ ఫలితాల ఆధారంగా 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్థూలకాయంతో కూడిన మధ్యమ, తీవ్ర ఆప్నియాకు దీన్ని అనుమతించింది. ఈ మందు మౌంజారో పేరుతో 2025 మార్చిలో భారతదేశ విపణిలోకి వచ్చింది. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారి సగటు శరీరభార సూచిక 39 ప్రాంతంలో ఉంది. 27, 28 సూచికతో ఆప్నియా వచ్చే మన రోగికి ఆ ఫలితాలను యథాతథంగా అన్వయించలేం.

7. మాత్ర మానడం, మాస్కు మానడం:

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన కొబ్బరినూనె ప్రధానమైన ఆహారపద్ధతి తెలుగు జిల్లాల్లో ఊరూరా చర్చనీయాంశమైంది. దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. బరువు దిగడంతోపాటు ‘సుగరు మాత్రలు మానేయడం’ జనం దృష్టిలో విజయానికి కొలమానంగా నిలిచిన తీరు మాత్రం ప్రస్తావించదగినది. అదే కొలమానాన్ని ఆప్నియాకు వర్తింపజేసి ‘మిషను మానేశాను’ అని చెప్పుకోవడం సులభం.

అయితే రెండింటికీ ఒక మౌలికభేదముంది. మాత్ర మానినవాడు మర్నాడే ఇంట్లోని గ్లూకోమీటరుతోనో, వీధిచివరి ల్యాబులోనో చక్కెర ఎంతుందో చూసుకోగలడు. ఆప్నియా రోగి తన వ్యాధిని తాను చూడలేడు. అది జరిగే వేళ ఆయన నిద్రలో ఉంటాడు. పక్కన పడుకున్నవారే సాక్షులు; వారూ నిద్రపోతారు. గురక శబ్దం తగ్గడం కూడా నమ్మదగిన ఆధారం కాదు. శబ్దం తగ్గినా శ్వాసభంగాలు మిగిలి ఉండవచ్చు. స్త్రీలలో, ముఖ్యంగా ముట్లుడిగినవారిలో, గురకకంటే నిద్రపట్టకపోవడం, ఎడతెగని అలసట, ఉదయపు తలనొప్పి ముందుకు వస్తాయి. వారి విషయంలో శబ్దాన్ని నమ్ముకోవడం మరింత పొరపాటు.

కాబట్టి చికిత్స మానే నిర్ణయానికి ఆధారం ఒక్కటే: యంత్రం లేకుండా మళ్ళీ చేసే నిద్రపరీక్ష. తొలి బరువులో సుమారు 10 శాతం దిగాక ఈ పరీక్షకు అర్థముంటుంది. బరువు దిగుతూ ఉన్నప్పుడు కాక ఒకచోట నిలకడగా ఆగాక చేయించుకోవడం మేలు. పరీక్షకు ముందు ఎన్ని రాత్రులు యంత్రం ఆపాలో వైద్యుడే నిర్ణయించాలి. యంత్రం బాగా వాడినవారికి ఆపిన తొలిరాత్రి వ్యాధి పూర్తిరూపంలో కనిపించకపోవచ్చు. వెల్లకిలా పడుకున్నప్పటి సూచికను విడిగా చూడాలి. డ్రైవర్లు ఫలితం తేలేవరకు రాత్రి ప్రయాణాలకు దూరంగా ఉండడం వారికీ, దారినపోయేవారికీ క్షేమం.

పరీక్షలో వ్యాధి మిగిలే ఉందని తేలినా బరువు దిగిన శ్రమ వృథా కాదు. యంత్రానికి కావలసిన పీడనం తగ్గవచ్చు. అప్పుడు మాస్కు భరించడం తేలికవుతుంది. బుగ్గలు దిగినందువల్ల వదులైన మాస్కును మార్చుకోవలసి ఉంటుంది. మధ్యమంనుంచి స్వల్పానికి చేరినవారికి యంత్రం బదులు కింది దవడను ముందుకు నిలిపే దంత పరికరం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం వంటి తేలిక మార్గాలు తెరుచుకుంటాయి.

యంత్రం, బరువు తగ్గడం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలన్న భావన కూడా సరైనది కాదు. 2014లో వెలువడిన ఒక అధ్యయనం స్థూలకాయంతోపాటు ఆప్నియా ఉన్న 181 మందిని మూడు వర్గాలుగా విభజించింది. ఒక వర్గానికి యంత్రం, ఒక వర్గానికి బరువు తగ్గించే శిక్షణ, మరొక వర్గానికి రెండూ ఇచ్చింది. ఇన్సులిన్ నిరోధకత, రక్తంలోని కొవ్వులు బరువు దిగినవారిలో మెరుగయ్యాయి. యంత్రం ఒక్కటే వాడినవారిలో మెరుగవలేదు. రెండింటినీ నిష్ఠగా పాటించినవారిలో రక్తపోటు అన్నిటికంటే ఎక్కువగా దిగింది. యంత్రం వాడితే దానంతటదే బరువు దిగుతుందన్న ఆశకూ ఆధారం లేదు. యంత్రం మొదలుపెట్టినవారిలో సగటున బరువు స్వల్పంగా పెరిగినట్టే సమీక్షలు చూపాయి. ఊపిరిని కాపాడేది యంత్రం. గుండెకు, చక్కెరకు మేలుచేసేది బరువు తగ్గడం. మధుమేహం ఇంతగా ఉన్న డెల్టా రోగికి రెండూ కావలసినవే.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. బరువు దిగితే స్లీప్ ఆప్నియా తీవ్రత చాలామందిలో దిగుతుంది. వ్యాధి పూర్తిగా పోయి చికిత్స అవసరం తీరేది కొందరికే.

2. వ్యాధి స్వల్పంగా ఉండి, బరువే దానికి ప్రధానకారణమై, దిగిన బరువు నిలబెట్టుకున్నవారికి యంత్రం మానే అవకాశం ఎక్కువ. వ్యాధి తీవ్రంగా ఉన్నవారికి, దవడ నిర్మాణం ఇరుకుగా ఉన్నవారికి, వయసు పైబడినవారికి ఆ అవకాశం తక్కువ.

3. స్థూలకాయం, అతినిద్ర, నిద్రలో శ్వాసావరోధం ఒకచోట ఉంటాయన్న ఎరుక సుశ్రుతుని కాలంనుంచే ఉంది. దాన్ని కొలిచే సాధనం మాత్రం నేటిది.

4. తూకపుయంత్రం, గురక శబ్దం, పగటి హుషారు - ఈ మూడూ సూచనలే. తీర్పు చెప్పేది మళ్ళీ చేసిన నిద్రపరీక్ష.

5. యంత్రం మానడం తుదిలక్ష్యం కాకూడదు. రాత్రంతా ఊపిరి తెగకుండా ఉండడమే లక్ష్యం. అది యంత్రంతో సిద్ధించినా, బరువు తగ్గడంతో సిద్ధించినా, రెండూ కలిసి సిద్ధించినా రోగికి మేలే.

‘గురక తగ్గిందండీ’ అని రోగి చెప్పినప్పుడు, ‘ఎంతకు తగ్గింది?’ అని వైద్యుడు అడగడం, ఆ అంకె తెలిసేదాకా మాస్కును గూట్లో పెట్టకుండా ఉండడం - బరువు దిగిన ప్రతివారి విషయంలోనూ ఈ రెండూ జరగవలసినవి.